ఎర ఏదైతే చేప అదే: యాంటీబాడీ పరీక్షల వెనుక యాంటిజెన్ చరిత్ర

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక రక్త సర్వే ఫలితాలను ప్రకటించింది. రాష్ట్రం మొత్తం మీద నూటికి 19.7 మంది రక్తంలో కరోనా వైరస్‌కు ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, కనిపించాయని దాని సారాంశం. జిల్లాలవారీగా చూస్తే విజయనగరం 30.6 శాతంతో అన్నిటికన్న పైన నిలిచింది. పశ్చిమ గోదావరి 12.3 శాతంతో అన్నిటికన్న కింద ఉంది. మన శ్రీకాకుళం జిల్లా అంకె 21.5. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో 27 లక్షల మంది ఉన్నారు. ఆ లెక్కన దాదాపు 5 లక్షల 80 వేల మందికి వైరస్ సోకి ఉండాలి. అప్పటికి అధికారికంగా నమోదైన కేసులకు ఇది ఎన్నో రెట్లు.

ఆ అంకె పత్రికల్లో వచ్చిన నాటి నుండి టెక్కలిలోను, పలాసలోను, మా హరిశ్చంద్రపురం రైల్వే స్టేషను వద్ద బండి కోసం నిలబడే వారిలోను ఒకటే మాట వినిపించేది: "మనకు తెలియకుండానే వచ్చి పోయిందట." కొందరికి అది ధైర్యమిచ్చింది, కొందరికి భయం కలిగించింది. ఆ తరువాతి సంవత్సరం టీకాలు వచ్చాక ప్రైవేటు ల్యాబుల్లో యాంటీబాడీ పరీక్ష ఒక వేలంవెర్రిగా మారింది. రెండు డోసులు వేయించుకొని వెళ్లి రక్తమిచ్చి "నెగిటివ్" అని కాగితం తెచ్చుకొని, టీకా పనిచేయలేదని కుమిలిపోయిన వారిని నేను చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమందికి టీకా చక్కగానే పనిచేసింది. పరీక్షలో వాడిన యాంటిజెన్ వేరు, టీకాలో ఉన్న యాంటిజెన్ వేరు. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పలేదు.

యాంటిజెన్‌ను తెలుగులో ప్రతిజనకం అంటాము. శరీరం పరాయిదిగా గుర్తించి, దానికి ఎదురుగా ప్రతిరక్షకాన్ని తయారు చేసుకొనే పదార్థం అది. యాంటీబాడీ పరీక్ష చేసే విధానం పైకి ఎంత అధునాతనంగా కనిపించినా అందులోని కీలకం ఒక్కటే. ఒక పళ్లెం అడుగునో, ఒక కాగితపు పట్టీ మీదనో సూక్ష్మజీవికి చెందిన ఒక ముక్కను అంటించి ఉంచుతారు. దానిమీద మీ రక్తరసం పోస్తారు. ఆ ముక్కను పట్టుకొనే యాంటీబాడీలు మీ రక్తంలో ఉంటే అవి అక్కడ అతుక్కొంటాయి, మిగిలినవి కడుగులో కొట్టుకొనిపోతాయి. అతుక్కొన్నవాటిని రంగుతోనో వెలుగుతోనో కొలుస్తారు. భావనపాడు తీరాన గాలం వేసేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఏ ఎర కట్టారో దానికి వచ్చే చేపే పడుతుంది. గాలానికి పడని చేప సముద్రంలోనే లేదని ఏ మత్స్యకారుడూ అనడు.

అందువల్ల యాంటీబాడీ పరీక్ష "మీకు జబ్బు వచ్చిందా" అనే ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పదు. "మేము అంటించిన ఈ ముక్కను పట్టుకొనేది మీ రక్తంలో ఉందా" అనే ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమే ఆ పరీక్ష విశ్వసనీయత. ఈ దూరాన్ని తగ్గించడానికి వైద్యశాస్త్రం నూట ఇరవై ఏళ్లకు పైగా పడిన పాట్లలో కరోనా కథ చివరి అధ్యాయం మాత్రమే.

మొదటి అధ్యాయం మీకందరికీ పరిచయమున్నదే. 1896లో పారిస్ వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ టైఫాయిడ్ రోగి రక్తరసంలో టైఫాయిడ్ బాక్టీరియాను కలిపితే అది గుంపులు కట్టి పేరుకుంటుందని చూపి, దానినే రోగనిర్ధారణ పరీక్షగా వాడవచ్చునన్నాడు. ఆయన పేరుతో ఆ పరీక్ష నేటికీ మన వీధివీధినా నడుస్తూనే ఉంది. "టైఫాయిడ్ రెండు ప్లస్సులు, మూడు ప్లస్సులు" అనే మన జిల్లా పరిభాష పుట్టింది దాని నుండే. అయితే విడాల్ పరీక్షలోని ఎర ఏమిటి? బాక్టీరియా గోడలోని పదార్థం, దానిని ఓ యాంటిజెన్ అంటారు. రెండవది ఈదడానికి దానికున్న కొరడా తోకల్లోని పదార్థం, అది హెచ్ యాంటిజెన్. ఈ రెండింటిలోని భాగాలు టైఫాయిడ్ బాక్టీరియా సొత్తు మాత్రమే కావు. సాల్మొనెల్లా కుటుంబంలోని ఇతర సభ్యులకూ వాటిలో వాటా ఉంది. పైగా టైఫాయిడ్ పాతుకొనిపోయిన ప్రాంతంలో జ్వరం లేనివారి రక్తంలో కూడా కొంత మోతాదులో ఈ యాంటీబాడీలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఒకసారి చేసిన విడాల్ పరీక్షతో టైఫాయిడ్ అని తేల్చడం శాస్త్రం కాదు. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలని పాఠ్యపుస్తకాలు ఘోషిస్తూనే ఉన్నాయి.

నేను చదువుకొనే రోజుల్లో టీఏబీ అనే ఇంజెక్షను ఉండేది. టైఫాయిడ్, పారాటైఫాయిడ్ బాక్టీరియాలను చంపి చేసిన టీకా. అది వేయించుకొన్నవారికి చాలాకాలం హెచ్ యాంటీబాడీ ఎక్కువగానే కనిపించేది. అందువల్ల విడాల్ రిపోర్టు చూసే ముందు "టీఏబీ వేయించుకొన్నావా" అని అడగడం మాకు అలవాటు చేశారు మా ఆచార్యులు. ఇప్పుడు హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసే టైప్‌బార్ టీసీవీ టీకాలో ఓ గాని హెచ్ గాని ఉండవు. బాక్టీరియా పైపొరలోని వీఐ అనే పదార్థం మాత్రమే ఉంటుంది. కనుక ఆ టీకా వేయించుకొన్న పిల్లవాడికి విడాల్ చేస్తే టీకా ప్రభావం అందులో కనిపించదు. టీకాలో ఏముంది, పరీక్షలో ఏముంది అనే రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టుకొని చూడడం వైద్యులకు కొత్త విద్య కాదని చెప్పడానికే ఇదంతా. కరోనా కాలంలో దాన్ని మరచిపోయాము, అంతే.

ఎర తప్పయినా చేప పడిన విచిత్రాలూ ఈ చరిత్రలో ఉన్నాయి. 1906లో బెర్లిన్‌లో వాసర్‌మన్, అతని సహచరులు సిఫిలిస్ వ్యాధికి రక్తపరీక్ష కనుగొన్నారు. సిఫిలిస్‌తో మరణించిన గర్భస్థ శిశువు కాలేయపు సారాన్ని యాంటిజెన్‌గా వాడారు. అందులో సిఫిలిస్ క్రిమి ఉంది గనుక పరీక్ష పనిచేస్తోందని నమ్మారు. తరువాత తేలిందేమంటే, ఆరోగ్యవంతమైన కాలేయం వాడినా, చివరకు ఎద్దు గుండె సారం వాడినా ఆ పరీక్ష పనిచేస్తోంది! సిఫిలిస్ రోగి రక్తం పట్టుకొంటున్నది క్రిమిని కాదు, కణజాలంలో ఉండే ఒక కొవ్వు పదార్థాన్ని. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రవేత్త దానిని ఎద్దు గుండె నుండి వేరుచేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టారు. నేటి వీడీఆర్ఎల్ పరీక్షలోనూ ఆ కార్డియోలిపినే ఉంది. క్రిమికి సంబంధం లేని ఎర కనుకనే కుష్ఠు, మలేరియా, లూపస్ వంటి వ్యాధులున్నవారిలో, ఒక్కొక్కప్పుడు గర్భిణులలో కూడా అది తప్పుడు పాజిటివ్ చూపుతుంది. సిఫిలిస్ ఉందని కాగితం మీద పడ్డ ఒక్క మాటతో సంసారాలు కూలిపోగలవు. అందుకే వీడీఆర్ఎల్ పాజిటివ్ వస్తే క్రిమి యాంటిజెన్‌తో చేసే రెండవ పరీక్ష తప్పనిసరి అన్నారు.

1916లో వైల్, ఫెలిక్స్ అనే ఇద్దరు టైఫస్ జ్వరానికి కనుగొన్న పరీక్ష ఇంకా చిత్రమైనది. టైఫస్‌తో ఏ సంబంధమూ లేని ప్రోటియస్ అనే బాక్టీరియాను టైఫస్ రోగుల రక్తం గుంపుకట్టిస్తుంది. రెండింటి పైపొరలోనూ పోలిక ఉన్న ఒక ముక్క ఉండడమే కారణం. మన మందస, మెళియాపుట్టి కొండ అంచు గ్రామాలలో వచ్చే స్క్రబ్ టైఫస్‌కు చాలాకాలం దిక్కు ఈ పరోక్ష పరీక్షే. ఇప్పుడు ఆ క్రిమి పైపొరలోని 56 కిలోడాల్టన్ల ప్రోటీన్‌తోనే ఎలైసా చేస్తున్నారు.

ఎయిడ్స్ పరీక్ష కథలో మరొక పాఠం ఉంది. 1985లో వచ్చిన మొదటి తరం ఎలైసా కిట్లలో వైరస్‌ను మొత్తంగా చితకగొట్టి పళ్లెంలో అంటించేవారు. ఆ వైరస్‌ను మానవ కణాలలో పెంచేవారు. ఎంత శుద్ధి చేసినా ఆ కణాల ముక్కలు కొన్ని వైరస్‌తోబాటు పళ్లెంలోకి చేరేవి. ఎక్కువ కాన్పులైన స్త్రీల రక్తంలో, పలుమార్లు రక్తం ఎక్కించుకొన్నవారి రక్తంలో ఇతరుల కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉండడం సహజం. అవి ఆ కణాల ముక్కలను పట్టుకొనేవి, యంత్రం పాజిటివ్ చూపేది. ఏ పాపం ఎరుగని స్త్రీ నెత్తిన పడిన అపవాదు అది. తరువాతి తరాల కిట్లలో వైరస్‌లోని ఎంపిక చేసిన ప్రోటీన్లను మాత్రమే విడిగా తయారుచేసి వాడడంతో ఈ బెడద బాగా తగ్గింది. మొత్తం సూక్ష్మజీవిని ఎరగా వేస్తే ఏ యాంటీబాడీనీ వదలకుండా పట్టవచ్చు, కాని అక్కరలేనివీ పడతాయి. ఒక్క ముక్కనే వేస్తే అక్కరలేనివి పడవు, కాని కావలసినవి కొన్ని జారిపోవచ్చు. ఈ బేరంలో రెండువైపులా లాభం ఎవరికీ రాలేదు.

ఇక కరోనా. ఈ వైరస్ నిర్మాణంలో ప్రధానమైన ప్రోటీన్లు నాలుగు. పైన కొమ్ముల్లా పొడుచుకొని ఉండేది స్పైక్, దీనిని ఎస్ అంటారు. లోపల జన్యుపదార్థాన్ని చుట్టిపట్టుకొని ఉండేది న్యూక్లియోకాప్సిడ్, దీనిని ఎన్ అంటారు. మిగిలిన రెండూ పొరకు చెందినవి, పరీక్షల్లో వాటి పాత్ర తక్కువ. ఎస్ ప్రోటీన్ కొసన మన కణాన్ని పట్టుకొనే చిన్న భాగం ఉంది, దానిని ఆర్‌బీడీ అంటారు. కిట్ తయారు చేసేవారి ముందున్న ఎంపిక ఇదే: ఎన్, మొత్తం ఎస్, ఆర్‌బీడీ, లేదా చంపిన వైరస్ మొత్తం.

వ్యాపార దృష్టితో చూస్తే ఎన్ సులువైనది. వైరస్‌లో అది పుష్కలంగా ఉంటుంది, సోకినవారి శరీరం దానికి గట్టిగా స్పందిస్తుంది, సాధారణ బాక్టీరియాలోనే దాన్ని చౌకగా తయారు చేసుకోవచ్చు. స్పైక్ అలా కాదు. దానిమీద చక్కెర గొలుసులు అతికి ఉంటాయి. అవి సరిగ్గా అమరాలంటే క్షీరదాల కణాల వంటి ఖరీదైన వాటిలో తయారు చేయాలి. అందువల్లనే 2020 వేసవిలో తొలుత మార్కెట్లోకి వచ్చిన పెద్ద కంపెనీల కిట్లలో చాలావాటికి, అబాట్, రోష్ కిట్లతో సహా, ఎన్ ఆధారం. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యసంస్థలో ఫ్లోరియన్ క్రామర్ బృందం మాత్రం ఆ మార్చిలోనే స్పైక్, ఆర్‌బీడీలతో ఎలైసా రూపొందించి, తయారీకి కావలసిన జన్యు సామగ్రిని ఇతర ప్రయోగశాలలకు పంచిపెట్టింది.

ఎన్‌తో చిక్కేమిటో 2003లోనే ఒకసారి తెలిసింది. ఆ వేసవిలో కెనడాలోని సర్రే పట్టణంలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో శ్వాసకోశ వ్యాధి ప్రబలింది. 142 మంది నివాసులలో 95 మందికి లక్షణాలు వచ్చాయి, 8 మంది మరణించారు. అది సార్స్ ప్రపంచాన్ని వణికించిన ఏడాది. వారి రక్తం సార్స్ వైరస్ ఎన్ ప్రోటీన్ ముక్కతో స్పందించింది. సార్స్ మళ్లీ వచ్చిందన్న ఆందోళన చెలరేగింది. లోతుగా పరీక్షించగా అసలు దోషి ఓసీ43 అని తేలింది. ఏటా మనకు జలుబు తెచ్చే పాత కరోనా వైరస్ అది. దాని ఎన్ ప్రోటీన్‌కు సార్స్ ఎన్ ప్రోటీన్‌తో కొంత పోలిక ఉంది, అదే మోసగించింది. కరోనా కుటుంబంలో ఎన్ తరతరాలుగా పెద్దగా మారకుండా వచ్చే ఇంటిపేరు వంటిది. ఆర్‌బీడీ వ్యక్తి పేరు వంటిది. ఇంటిపేరు మాత్రమే పట్టుకొని మనిషిని వెదికితే ఏమవుతుందో మన పల్లెల్లో ఉత్తరాలు పంచిన పోస్ట్‌మేన్‌లకు తెలుసు.

భారతదేశం మూడవ దారి పట్టింది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020 మేలో కోవిడ్ కవచ్ అనే ఎలైసాను రూపొందించింది. వీరో కణాలలో పెంచిన వైరస్‌ను గామా కిరణాలతో చంపి, మొత్తం వైరస్‌నే ఎరగా వేశారు. పరాయి దేశాల ప్రోటీన్ల కోసం ఎదురుచూడకుండా చేతిలో ఉన్న వైరస్‌తో నెలల్లో కిట్ తయారు చేయడం ఆ పరిస్థితిలో గొప్ప పని. దాని పనితనం మీద ప్రచురించిన లెక్క ఇది: సోకినవారిలో 92.37 శాతం మందిని పట్టగలదు, సోకనివారిలో 97.9 శాతం మందిని సరిగ్గా వదిలివేయగలదు.

పాఠకులు ఇక్కడ కొంచెం ఓపిక పట్టి నాతో లెక్క వేయండి. 97.9 అనగానే బ్రహ్మాండం అనిపిస్తుంది. పదివేల మంది ఉన్న ఒక ప్రాంతంలో నూటికి 0.73 మందికి మాత్రమే వైరస్ సోకిందనుకొందాము. అంటే 73 మంది. వారిలో 67 మందిని కిట్ పడుతుంది. సోకనివారు 9,927 మంది. వారిలో 2.1 శాతం, అంటే 208 మంది, తప్పుగా పాజిటివ్ అవుతారు. మొత్తం 275 పాజిటివ్‌లలో నిజమైనవి 67, నాలుగింట ఒకటి. అదే ప్రాంతంలో నూటికి 21.5 మందికి సోకిందనుకొంటే? 2,150 మందిలో 1,986 మంది దొరుకుతారు. తప్పుడు పాజిటివ్‌లు 165 మాత్రమే. పాజిటివ్ వచ్చిన నూరుమందిలో 92 మంది నిజమైనవారు. కిట్ మారలేదు, యాంటిజెన్ మారలేదు. ఊరిలో వ్యాధి ఎంత పాకిందన్నది మారింది, దానితో కాగితం విలువ మారింది.

0.73 అన్న అంకె నేను ఊహించినది కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 మే, జూన్ నెలల్లో దేశవ్యాప్తంగా 28,000 మంది మీద జరిపిన మొదటి సర్వే ఫలితం అదే. మన రాష్ట్రం నుండి కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాలు అందులో ఉన్నాయి. ఇప్పుడు వేసిన లెక్క ఆ శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. అందుకే కవచ్‌లో పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనాను స్పైక్ ముక్క ఆధారంగా పనిచేసే యూరోఇమ్యూన్ కిట్‌తో మళ్లీ పరీక్షించారు. రెండు ఎరలకూ పడినవాటినే లెక్కలోకి తీసుకొన్నారు. 28,000లో అలా నిలిచినవి 157. వీడీఆర్ఎల్‌కు రెండవ పరీక్ష తప్పనిసరి చేసిన పాత బుద్ధి ఇక్కడ పనికివచ్చింది. ఈ సర్వేలో నాకు అన్నిటికన్న నచ్చిన భాగం ఇదే.

అదే బుద్ధి ఆ ఏప్రిల్‌లో రాపిడ్ కిట్ల విషయంలో కొరవడింది. చైనా నుండి వచ్చిన రెండు రకాల కిట్ల ఫలితాలు రాష్ట్రానికొక తీరుగా ఉండడంతో ఏప్రిల్ 21న వాటి వాడకాన్ని ఆపమని, 27న వెనక్కు పంపమని వైద్య పరిశోధన మండలి ఆదేశించింది. మన రాష్ట్రం ఆ నెల 17న దక్షిణ కొరియా నుండి లక్ష కిట్లు తెప్పించింది. కిట్ల నాణ్యత మాట అటుంచితే, వాటిని వాడదలచిన పనే సందేహాస్పదం. జ్వరం వచ్చిన మొదటి వారంలో యాంటీబాడీలే తయారు కావు. గాలం ఎంత మంచిదైనా చేపలు ఇంకా పుట్టని చెరువులో ఏం చేస్తుంది? శ్రీకాకుళం జిల్లాలో తొలి కేసులు ఏప్రిల్ 25న బయటపడ్డాయి. అలాంటి వేళ నెగిటివ్ పట్టీని నమ్మి ఒకరిని ఇంటికి పంపడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

తరువాతి చిక్కు కాలానిది. ఎన్ యాంటీబాడీ అబాట్ తొలి కిట్‌లో కొన్ని నెలల్లోనే కనుమరుగవుతూ వచ్చింది. ముంబయి మురికివాడలలో 2020 జూలైలో 57 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. ఆగస్టు సర్వేలో అది 45కు దిగింది. జబ్బు వచ్చిపోయినవారి సంఖ్య తగ్గడమంటూ ఉండదు కదా. నమూనాల ఎంపికలో తేడాలకు తోడు యాంటీబాడీ జారిపోవడం కూడా ఒక కారణమని పరిశోధకులు భావించారు. బ్రెజిల్‌లోని మనాస్ నగరంలో ఇదే కంపెనీ ఎన్ కిట్‌తో రక్తదాతల నమూనాలను పరీక్షించారు. జూన్‌లో 44 శాతం పాజిటివ్, ఆ తరువాత నెలనెలా తగ్గుదల. జారిపోయినవారిని లెక్కగట్టి కలుపుకొని, అక్టోబరు నాటికి 76 శాతం మందికి సోకి ఉంటుందని ఆ ఏడాది చివర సైన్స్ పత్రికలో ప్రకటించారు. అంతమందికి వచ్చిపోయాక ఇక పెద్దగా రాదని చాలామంది ఊరట చెందారు. 2021 జనవరిలో మనాస్‌లో ఆక్సిజన్ అందక జనం మరణించారు. కొత్త రకం వైరస్ ఒక కారణం, రోగనిరోధక శక్తి సన్నగిల్లడం మరొకటి కావచ్చు, అసలు 76 అన్న అంకే ఎక్కువేమోనన్న వాదమూ ఉంది. ఒక ఊరి ప్రాణాలను గురించిన నిర్ణయం ఒక ప్రోటీన్ ముక్క ఎన్ని నెలలు నిలుస్తుందన్న లెక్క మీద ఆధారపడటం ఎంత బరువైన సంగతో చూడండి.

యాంటిజెన్ ఒక్కటే సర్వస్వం అని కూడా అనరాదు. రోష్ కిట్‌లోనూ ఎన్ ప్రోటీనే ఉంది, కాని అందులో యాంటీబాడీని రెండు వైపుల నుండి యాంటిజెన్‌తోనే పట్టుకొనే పద్ధతి వాడారు. అన్ని రకాల యాంటీబాడీలనూ అది లెక్కిస్తుంది. అందువల్ల చాలా నెలల తరువాత కూడా పాజిటివ్ నిలిచింది. ఎర ఒకటే అయినా గాలం మార్చారన్నమాట.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాక కథ పూర్తిగా మలుపు తిరిగింది. కోవిషీల్డ్‌లో ఉన్నది స్పైక్‌ను తయారు చేసే సమాచారం మాత్రమే. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంది, స్పైక్‌తోబాటు ఎన్ కూడా. మరుసటి ఏడాది మార్చిలో 12 నుండి 14 ఏళ్ల పిల్లలకు వేసిన కోర్బివాక్స్, అదీ హైదరాబాదుదే, బయొలాజికల్ ఈ వారిది, అందులో ఉన్నది ఆర్‌బీడీ ముక్క ఒక్కటే. ఒకే ఇంట్లో తాతకు కోవిషీల్డ్, తండ్రికి కోవాగ్జిన్, మనుమరాలికి కోర్బివాక్స్ పడిన కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో. ముగ్గురికీ ఎన్ కిట్‌తో పరీక్ష చేయించారనుకోండి. వైరస్ సోకి ఉండకపోతే తాతకు, మనుమరాలికి నెగిటివ్ వస్తుంది, తండ్రికి పాజిటివ్ రావచ్చు. ముగ్గురి టీకాలూ పనిచేసి ఉండవచ్చు. అదే స్పైక్ కిట్‌తో చేస్తే ముగ్గురికీ పాజిటివ్ రావచ్చు, కాని అది టీకా వల్లనా, వచ్చిపోయిన జబ్బు వల్లనా అన్నది తేలదు.

ఈ తికమక పండితులనూ వదలలేదు. 2021లో మన దేశంలో 515 మంది వైద్య సిబ్బందిపై జరిగిన ఒక అధ్యయనంలో, రెండు డోసుల తరువాత కోవిషీల్డ్ వేసుకొన్నవారిలో 98.1 శాతం మందికి, కోవాగ్జిన్ వేసుకొన్నవారిలో 80 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయన్నారు. పత్రికలు దానిని పందెంగా మార్చివేశాయి. అక్కడ కొలిచింది స్పైక్ యాంటీబాడీలను మాత్రమే. మొత్తం వైరస్ ఉన్న టీకాను ఒక్క ముక్కతో తూచడం న్యాయం కాదని భారత్ బయోటెక్ పక్షం వాదించింది. వైరస్‌ను కణంలోకి రాకుండా అడ్డుకొనే యాంటీబాడీలు ప్రధానంగా స్పైక్‌కు చెందినవే గనుక ఆ కొలత పూర్తిగా అర్థం లేనిదీ కాదు. ఇద్దరి వాదంలోనూ పస ఉందని నా అభిప్రాయం.

ఆ జూన్, జూలై నెలల్లో జరిగిన నాల్గవ జాతీయ సర్వే ఈ రెండు వాదాలనూ గౌరవించింది. ప్రతి నమూనాలోనూ ఎన్, ఆర్‌బీడీ రెండింటినీ చూశారు. ఏ ఒక్కటి దొరికినా లెక్కలోకి తీసుకొన్నారు. దేశం మొత్తం మీద 67.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం తేలింది. తొమ్మిది పది నెలల కింద 19.7 ఉన్న రాష్ట్రం 70కి చేరిందని ఆశ్చర్యపోయేముందు, మధ్యలో రెండవ అల వచ్చిందని, టీకాలు మొదలయ్యాయని, కొలిచే పద్ధతి మారిందని మూడూ గుర్తు పెట్టుకోవాలి. ఆ రెండు అంకెలను ఒకే గీత మీద పెట్టి పోల్చరాదు.

ఉద్దానం సంగతి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బుతో డయాలిసిస్ మీద ఉన్నవారికి, మార్పిడి చేయించుకొన్నవారికి "టీకా పట్టిందా లేదా" అన్న ప్రశ్న కాలక్షేపానికి అడిగేది కాదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు 2021లో అవయవ మార్పిడి చేయించుకొన్న 658 మందిని పరిశీలించగా, రెండు డోసుల తరువాత కూడా 54 శాతం మందిలో మాత్రమే స్పైక్ యాంటీబాడీలు కనిపించాయి. డయాలిసిస్ రోగులలో స్పందన దీనికన్న మెరుగైనా ఆరోగ్యవంతులకన్న తక్కువే. అందువల్లనే వీరికి అదనపు డోసులు కావలసి వచ్చాయి. ఇటువంటి మనిషికి కోవిషీల్డ్ తరువాత ఎన్ కిట్‌తో పరీక్ష చేసి నెగిటివ్ అని చేతిలో పెడితే, ఆ కాగితానికి అర్థమే లేదు. అందరికన్న ఎక్కువ అవసరమున్న చోట అందరికన్న ఎక్కువ తప్పుదారి పట్టించే కాగితం అది. అలాంటి రిపోర్టు పట్టుకొని వచ్చిన ఒకాయనను టెక్కలిలో చూశాను. ల్యాబు పేరు ఇక్కడ అనవసరం. రిపోర్టులో "కోవిడ్ యాంటీబాడీ: నెగిటివ్" అని తప్ప ఏ ప్రోటీన్‌కు అన్న ఒక్క మాట లేదు.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకొక జాగ్రత్త మలేరియా. ఆఫ్రికా దేశాల్లో కరోనా పుట్టకముందు సేకరించి దాచిన రక్త నమూనాలను ఈ కిట్లతో పరీక్షించినప్పుడు, మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల తప్పుడు పాజిటివ్‌లు అధికంగా వచ్చాయి. మలేరియాలో శరీరం రకరకాల యాంటీబాడీలను విచక్షణ లేకుండా తయారు చేయడం దీనికి ఒక కారణంగా చెబుతారు. కొండ గ్రామాల సర్వే అంకెలను మైదానపు అంకెలతో పోల్చేటప్పుడు ఇది మనసులో ఉండాలి.

స్పైక్ కిట్లు అంకెల్లో ఫలితం ఇస్తాయి, 250 అనీ 2,500 అనీ. పొరుగువారికన్న తనకు తక్కువ వచ్చిందని బెంగపడేవారు ఇప్పటికీ ఉన్నారు. కంపెనీకొక కొలమానం ఉండడం వల్ల 2020 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రామాణిక నమూనాను నిర్ణయించి, బీఏయూ అనే ఉమ్మడి యూనిట్లను ప్రవేశపెట్టింది. రెండు రిపోర్టులు ఒకే యూనిట్లలో లేకపోతే పోల్చడం వృథా. ఒకే యూనిట్లలో ఉన్నా జాగ్రత్తే. ఈ కిట్లలో చాలావాటిలో ఉన్నది వూహాన్‌లో మొదట దొరికిన వైరస్ స్పైక్. 2021 చివర వచ్చిన ఒమిక్రాన్ స్పైక్‌లో ముప్పైకి పైగా మార్పులున్నాయి, అందులో సగం దాకా ఆర్‌బీడీలోనే. పాత స్పైక్‌ను గట్టిగా పట్టుకొనే యాంటీబాడీ కొత్తదాన్ని అంతే గట్టిగా పట్టుకొంటుందని ఆ అంకె చెప్పదు.

మీ ఇంట్లో పాత రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి. యాంటీ ఎన్ లేదా న్యూక్లియోకాప్సిడ్ అని ఉంటే అది వచ్చిపోయిన జబ్బును గురించిన పరీక్ష, కోవాగ్జిన్ వేసుకొన్నవారి విషయంలో మాత్రం అది కూడా కచ్చితం కాదు. యాంటీ ఎస్, ఎస్1 లేదా ఆర్‌బీడీ అని ఉంటే టీకా, జబ్బు రెండూ అందులో కలిసి కనిపిస్తాయి. హోల్ వైరస్ అని ఉంటే కవచ్ వంటి మొత్తం వైరస్ కిట్. ఏదీ రాసి లేకపోతే, ఈసారి ఏ యాంటీబాడీ పరీక్షకు వెళ్లినా, అది కరోనాకైనా స్క్రబ్ టైఫస్‌కైనా, రక్తం ఇవ్వకముందే కిట్ పెట్టెలోని కాగితం చూపమని ల్యాబువారిని అడగండి. యాంటిజెన్ పేరు అందులో ముద్రించి ఉంటుంది.